పాయింట్లతో వచ్చిన ఫ్లాస్కు

మా పిన్ని కర్టెన్లు కుడుతుంది. జాకెట్లు కుట్టదు, చొక్కాలు కుట్టదు. తెలియక ఎవరైనా పాంటు పొట్టి చేయమని తెస్తే, "కిటికీ ఉంటే చెప్పండి, దానికి కుడతా" అని పంపేస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. ముందుగదిలో రెండు మిషన్లు, ఒక పొడవాటి కోత బల్ల, తల పైన ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇనప రాడ్డు. కుట్టిన కర్టెన్‌కి పిన్ని వెంటనే కింద అంచు మడవదు. రాడ్డుకు తగిలించి మూడు రోజులు వదిలేస్తుంది. బట్ట తన బరువుకు తానే సాగి, ఎంత దిగాలో అంత దిగుతుంది. అప్పుడు సుద్దతో గీత గీసి మడుస్తుంది. "తొందరపడి మడిచామనుకో, వారం తిరక్కుండా కర్టెను నేల ఊడుస్తుంది" అంటుంది. ఆఫీసు ఉద్యోగం మానేసి రెండో మిషను మీద కూర్చున్న రోజు ఆవిడ నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

కోపానికి కూడా పిన్ని అదే పద్ధతి వాడుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకలా చేతకాదు. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అందుకని ఈ కథలో పెద్దరికానికి మర్యాద ఇస్తానని ఎవరూ ఆశ పెట్టుకోకండి.

పిన్ని కుట్టినవి బాబాయి వెళ్లి బిగించేవాడు. గోడకు డ్రిల్లుతో కన్నాలు వేయడం, రాడ్డు పెట్టడం, అది వంకర పోకుండా రసమట్టం పెట్టి చూడటం, కొక్కేలు తగిలించడం అన్నీ ఆయన పనే. మెత్తటి మనిషి. డ్రిల్లు చప్పుడుకు పక్కింట్లో పసిపాప లేస్తుందేమోనని ముందు వెళ్లి కనుక్కుని వచ్చేవాడు.

ఆయనకు ఒక అన్న ఉన్నాడు. నాకు వరసకు పెదనాన్న. ఎదురుగా పెదనాన్నా అనేవాళ్లం, వెనకాల పాయింట్ల పెదనాన్న అనేవాళ్లం. కార్డు గీకితే వచ్చే పాయింట్ల కోసమే ఆయన పుట్టాడని మా అందరి నమ్మకం.

చుట్టాల్లో ఎవరింట్లో ఫ్రిజ్జు చెడిపోయినా కబురు ముందు ఆయనకే చేరేది. ఎలా చేరేదో తెలియదు. కొట్టుకు మనం వెళ్లేసరికి గుమ్మంలో నిలబడి ఉండేవాడు. "డబ్బు నాకివ్వండి, కార్డు నేను గీకుతా. మీకు పోయేదేముంది?" అనేవాడు. పిల్లల ఫీజులు, స్కూటరు టైర్లు, ఇంటి రంగులు, అన్నీ ఆయన కార్డు మీదే. డబ్బు మనది, పాయింట్లు ఆయనవి. నిజమే, మనకు పోయేదేమీ కనిపించేది కాదు.

ఆ పాయింట్ల కోసం ఆయన పడే పాట్లు చూస్తే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. రెట్టింపు పాయింట్లు ఇచ్చే పెట్రోలు బంకు ఊరి ఆ చివర ఉండేది. వెళ్లి రావడానికే సగం లీటరు అయ్యేది. నూట పన్నెండు పాయింట్లు తక్కువ పడ్డాయని కార్డు వాళ్లకు ఫోన్ చేసి, ముప్పావు గంట లైన్లో వాళ్లు వినిపించే సంగీతం వింటూ, మా ఇంట్లో నా కుర్చీలోనే కూర్చున్నాడొకసారి. ఏ పాయింట్లకు ఏ తారీఖున గడువు దాటుతుందో ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. పెళ్లిరోజు మరిచిపోయాడు కానీ గడువు ఎన్నడూ మరిచిపోలేదని పెద్దమ్మ అనేది. ఇన్ని తిప్పలకు ఆయన బీరువాలో చేరినవి మూడు గొడుగులు, సామాను తూచే ఒక తక్కెడ, ఎవరూ వాడని టోస్టరు. న్యాయంగా చెప్పాలంటే ఒకసారి మంచి ఇస్త్రీ పెట్టె కూడా వచ్చింది. ఏడాది వారంటీ, పదమూడో నెలలో కాలిపోయింది.

ఇంతవరకే అయితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని.

మూడేళ్ల క్రితం ఒక ఉదయం బాబాయి నిచ్చెన మీంచి పడ్డాడు. కుడిచేయి మణికట్టు దగ్గర నుజ్జయింది. ఎముకలకు ప్లేటు వేయాలి, నరం కూడా కుట్టాలి అన్నారు. బిల్లు రెండున్నర లక్షలు. కొట్టు ఒకటి అద్దెకు తీసుకుందామని పిన్ని పదేళ్లుగా కూడబెట్టుకున్న డబ్బు సరిగ్గా అంతే ఉంది. ఆవిడ ఆపరేషను గది తలుపు దగ్గర నిలబడి ఉంటే పాయింట్ల పెదనాన్న వచ్చాడు.

"నువ్విక్కడే ఉండమ్మా. కౌంటరు దగ్గర సంగతి నేను చూసుకుంటా. డబ్బు నా అకౌంట్లో వేసెయ్, నేను కార్డు గీకేస్తా. ఎలా కట్టినా అదే డబ్బు కదా."

పిన్ని అక్కడికక్కడే ఫోన్లోంచి డబ్బు పంపింది. ఆ పూట ఆయన ఉన్నాడు కాబట్టి సరిపోయిందని మాతో పదిసార్లు అంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బాబాయి ఇంటికొచ్చిన వారానికి పెదనాన్న చూడటానికొచ్చాడు. చేతిలో అట్టపెట్టె. అందులో నీలం రంగు స్టీలు ఫ్లాస్కు.

"మీ ఆసుపత్రి బిల్లు పాయింట్లతోనే వచ్చిందిరా ఇది! వేడిగా తాగుతూ ఉండు. చూశావా, ఏదీ వృథా పోదు."

మేమందరం మెచ్చుకున్నాం. నేనైతే రంగు బాగుందని కూడా అన్నాను.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. చేతికి ఇరవై సిట్టింగుల వ్యాయామం చేయించాలని, అదీ రెండు నెలల లోపేనని, ఆ తర్వాత వేళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. వీధి చివర చిన్న క్లినిక్కు. సిట్టింగుకు వెయ్యి, నగదే తీసుకుంటారు, కార్డు మిషను లేదు. ఎనిమిది సిట్టింగులు అయ్యేసరికి పిన్ని చేతిలో ఉన్నది ఖాళీ అయింది. బిగించే మనిషి లేక ఆర్డర్లు కూడా ఆగిపోయాయి. పిన్ని జన్మలో మొదటిసారి బావగారిని అప్పు అడిగింది. పన్నెండు వేలు.

"నా దగ్గర నగదెక్కడుంటుందమ్మా? నా బతుకంతా కార్డు మీదే కదా! వాళ్లను ఒక మిషను పెట్టుకోమను, క్షణంలో గీకేస్తా" అన్నాడు పెదనాన్న.

బాబాయి, "చాల్లే, మిగతావి ఇంట్లోనే చేసుకుంటా" అన్నాడు. రబ్బరు బంతి పట్టుకుని నొక్కేవాడు. ఆ బంతి ఎప్పుడూ పూర్తిగా నొక్కుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు వచ్చాయి, మిగతా మూడు సగంలో ఆగిపోయాయి. డ్రిల్లు పట్టుకోలేడు. ఇప్పుడు కొక్కేలు లెక్కపెట్టి పొట్లాలు కడతాడు, బిల్లులు ఎడమచేత్తో రాస్తాడు. బిగించడానికి బయటి మనిషిని పిలుస్తాం. ఆ మనిషి గోడకు కన్నం వేస్తుంటే బాబాయి కింద నిలబడి పైకి చూస్తూ ఉంటాడు. నేను ఆ పక్కకు చూడను.

ఏడాదిన్నర తర్వాత అదే ఆసుపత్రి నుంచి పిన్నికి ఆర్డరు వచ్చింది. మంచాల మధ్య వేసే పచ్చ కర్టెన్లు, నలభై. అడ్వాన్సు తీసుకోవడానికి ఇద్దరం కౌంటరుకు వెళ్లాం. అద్దం మీద ఒక కాగితం అతికించి ఉంది. కార్డుతో కాకుండా బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టేవారికి బిల్లులో ఐదు శాతం తగ్గింపు అని.

"ఇది కొత్తగా పెట్టారా?" అడిగింది పిన్ని.

"లేదమ్మా, నాలుగేళ్లయింది. కార్డయితే మిషను వాళ్లకు మేం కమిషను ఇచ్చుకోవాలి కదా. అందుకే ముందే చెప్పి సంతకం పెట్టించుకుంటాం, తర్వాత గొడవ లేకుండా" అంది కౌంటరు అమ్మాయి.

పిన్ని బాబాయి పేరు, తారీఖు చెప్పి పాత కాగితం చూపించమంది. అమ్మాయి వెతికి తీసి, ఒక నకలు కూడా ఇచ్చింది. "తగ్గింపు గురించి నాకు చెప్పారు. నాకు అక్కర్లేదు. కార్డుతోనే కడతాను." కింద పెదనాన్న సంతకం. తీరిగ్గా చేసిన సంతకం, చివర రెండు చుక్కలతో సహా.

రెండున్నర లక్షల్లో ఐదు శాతం పన్నెండు వేల ఐదు వందలు. ఆగిపోయిన సిట్టింగులు పన్నెండు. ఆ లెక్క వేయడానికి మాకిద్దరికీ కాగితం అక్కర్లేకపోయింది. ఇంటికొచ్చి ఆ ఫ్లాస్కు ధర ఫోన్లో వెతికాను. ఆరు వందలు. తనకు ఆరు వందల సరుకు రావడానికి ఆ పెద్దమనిషి మా పిన్ని డబ్బు పన్నెండు వేల ఐదు వందలు తగలేశాడు. తగలేసి, ఫ్లాస్కు తెచ్చి చేతికిచ్చి, మెచ్చుకోలు కూడా పట్టుకెళ్లాడు.

"ఇప్పుడే వెళ్దాం పద పిన్నీ. పెద్దమ్మ ముందు, వీధిలో అందరి ముందు కడిగేద్దాం" అన్నాను.

"కూర్చో" అంది పిన్ని. కాగితం నాలుగు మడతలు పెట్టి మిషను సొరుగులో వేసింది. "మీ బాబాయికి చెప్పకు. అన్నంటే ఆయనకు ప్రాణం."

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆవిడ నోట ఆ మాట రాలేదు. పెదనాన్న వస్తే టీ ఇచ్చేది. "ఎన్ని పాయింట్లయ్యాయి బావగారూ?" అని కూడా అడిగేది. నేను పళ్లు నూరుకుంటూ మిషను తొక్కేదాన్ని. పిన్నికి చేతకాదు, పాపం అనుకునేదాన్ని. కర్టెను రాడ్డు మీద వేలాడుతోందని నాకు తట్టలేదు.

ఒకరోజు పెదనాన్న వెలిగిపోతూ వచ్చాడు. ఏడాదిలో కార్డు మీద ఎనిమిది లక్షలు ఖర్చు పెట్టిన వాళ్లకు రెండు విమానం టికెట్లు, సముద్రం పక్కన హోటల్లో నాలుగు రోజులు ఉచితమట. నెలాఖరుతో కార్డు ఏడాది ముగుస్తుందట. తొంభై వేలు తక్కువ పడుతున్నాయి.

"చుట్టాల్లో ఎవరైనా ఏదైనా కొంటున్నారేమో కాస్త చూడమ్మా" అన్నాడు.

పిన్ని సుద్దముక్క కింద పెట్టింది. "నేనే కొంటున్నాను బావగారూ. అరవై కిటికీల లాడ్జి ఆర్డరొచ్చింది. బట్టకే లక్ష దాకా అవుతుంది. మీ కార్డు గీకుతారా? డబ్బు అప్పటికప్పుడు మీకు పంపేస్తా."

ఆయన మొహం చూడాలి. నా తల్లే అన్నాడు. మా ఇంటి లక్ష్మివి అన్నాడు. మర్నాడు బట్టల కొట్టు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. తొంభై ఎనిమిది వేల బట్ట. ఆయన గీకాడు, పిన్ని ఈ రెండేళ్లలో మళ్లీ కూడబెట్టినదాంట్లోంచి అక్కడే ఆయనకు డబ్బు పంపింది. ఒక్క పైసా అటూ ఇటూ కాలేదు. సాయంత్రానికి ఆయనకు అభినందనల మెసేజి వచ్చింది. దాన్ని వీధంతా చూపించాడు. ఎండ టోపీ కొన్నాడు. నల్లకళ్లజోడు కొన్నాడు. ఆఫీసులో సెలవు పెట్టేశాడు.

తానులు మా ముందుగదిలో గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీద కత్తెర పడలేదు. "ఇంకా కొయ్యడం మొదలుపెట్టలేదేం?" అని నేను రెండుసార్లు అడిగితే, లాడ్జి మేనేజరు కొలతలు ఖాయం చేయలేదంది. నేను నమ్మాను.

నెల ఆఖరి రోజు మధ్యాహ్నం పిన్ని ఆటో పిలిచింది. "తానులు ఎక్కించు. బిల్లు నా సంచిలో ఉంది" అంది. కోయని తానుని ముప్పై రోజుల్లో తిరిగి తీసుకోవడం ఆ కొట్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కొట్టు యజమాని పిన్నికి పాతికేళ్లుగా తెలుసు.

"డబ్బు మాత్రం గీకిన కార్డుకే వెళ్తుందమ్మా, చేతికివ్వం."

"దానికే వెళ్లాలి. ఏ తారీఖుతో పడుతుంది?"

"ఇవాళ్టి తారీఖుతోనే. వాళ్లకు కబురందడానికి మాత్రం రెండు రోజులు పడుతుంది."

పిన్ని తలాడించింది. ఆయన మిషను మీద అంకెలు నొక్కుతుంటే నాకు అప్పుడు వెలిగింది. పెదనాన్నకు కబురందేసరికి కార్డు ఏడాది ముగిసిపోయి ఉంటుంది. ఒళ్లంతా పులకరించింది. పెద్దవాళ్ల మీద పగ తీరితే ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ నాకు చెప్పలేదు.

"ఇంతకీ బట్ట నచ్చలేదా?" అడిగాడు యజమాని.

"నచ్చింది. అవే తానులు మళ్లీ కొంటాను. ఈసారి నా ఖాతా నుంచి నేరుగా కడతా. ఎంత తగ్గిస్తారు?"

ఆయన ఒక్క క్షణం పిన్నిని చూసి, పకపకా నవ్వి, ఐదు శాతం అన్నాడు. లాడ్జి వాళ్లిచ్చిన అడ్వాన్సుతో పిన్ని అక్కడే కట్టేసింది. వెళ్లిన ఆటోలోనే తానులు వెనక్కి తెచ్చుకున్నాం.

మూడో రోజు, మేం భోజనాలు చేసి మిషన్ల మీద కూర్చునే వేళకు పెదనాన్న వచ్చాడు. కాలు కాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరుగుతూ అరిచాడు.

"రిఫండట! టార్గెట్ తప్పిందట! మళ్లీ తొంభై వేలు తక్కువట! టికెట్లూ లేవు, పాయింట్లూ వెనక్కి లాగేశారు! ఎవరమ్మా, ఎవరు చేశారీ పని?"

"నేనే బావగారూ" అంది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ. "నా తొంభై ఎనిమిది వేలు మీ కార్డులో పడి ఉంటాయి. రేపటికల్లా పంపండి."

"ఎందుకు? నీకేం అన్యాయం చేశాను నేను?"

పిన్ని సొరుగు తెరిచి నాలుగు మడతల కాగితం ఇచ్చింది. ఆయన విప్పాడు. చదివాడు. రంగు మారింది.

"అది... అప్పటి హడావిడిలో ఏదో..."

"సంతకం చివర చుక్కలు కూడా పెట్టారు. హడావిడేం కనపడలేదు."

కొక్కేలు లెక్కపెడుతున్న బాబాయి లేచి వచ్చి ఆ కాగితం తీసుకున్నాడు. ఎంతసేపు చదివాడో. పెదనాన్న గొంతు ఆరిపోయి కాసిని మంచినీళ్లివ్వండి అన్నాడు.

నేను లేవబోతే పిన్ని నా మోకాలు నొక్కి కూర్చోబెట్టింది. నీలం ఫ్లాస్కు తీసి బాబాయి ముందు పెట్టింది.

"మీ అన్నయ్యకు నీళ్లివ్వండి."

ఆ ఫ్లాస్కు మూత తిప్పి తీయాలి. ఇన్నాళ్లూ పిన్నో నేనో తీసిచ్చేవాళ్లం. బాబాయి కుడిచేత్తో పట్టుకున్నాడు. రెండు వేళ్లు పట్టుకున్నాయి, మూడు గాల్లో ఉండిపోయాయి. మూత జారింది. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారింది. పెదనాన్న చేయి చాపాడు.

"మీరు ముట్టుకోకండి. ఆయన్నే తీయనివ్వండి. చూడండి" అంది పిన్ని. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

బాబాయి ఫ్లాస్కుని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, వంగి, ఎడమచేత్తో తిప్పాడు. మెడ మీద నరాలు తేలాయి. మూత వచ్చింది. గ్లాసులో నీళ్లు పోసి అన్న ముందు పెట్టాడు.

"తాగి వెళ్లన్నయ్యా" అన్నాడు.

పెదనాన్న గ్లాసు ఎత్తాడు కానీ తాగలేకపోయాడు. బల్ల మీద పెట్టేసి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి మెట్లు దిగాడు. చెప్పులు నేనే వెనక నుంచి విసిరాను. మర్యాదగా ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వాలనిపించలేదు.

మర్నాడు పిన్ని ఖాతాలో లక్షా పదివేల ఐదు వందలు పడ్డాయి. పిన్ని తన తొంభై ఎనిమిది వేలు ఉంచుకుని, పన్నెండు వేల ఐదు వందలు వెనక్కి పంపేసింది. ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

"ఉంచుకో అమ్మా. ఆ సిట్టింగులేవో ఇప్పుడైనా చేయించు. నా తమ్ముడు కదా."

"వాటికి గడువు దాటిపోయింది బావగారూ" అని పెట్టేసింది పిన్ని. గడువంటే ఏమిటో ఆయనకు ఇంకొకరు వివరించక్కర్లేదు.

గెలిచామని నేను ఎగిరి గంతేశాను. కానీ ఆ ఇంట్లో ఇంకెవరూ గంతేయలేదు. బాబాయి రెండు రోజులు పిన్నితో మాట్లాడలేదు. రెండో రోజు సాయంత్రం మిషన్ల చప్పుడు ఆగాక ఒక్క మాట అన్నాడు.

"వాడికి ఆ కాగితం చూపిస్తే సరిపోయేది. నా చెయ్యి ఎందుకు చూపించావు?"

పిన్ని మిషను మీంచి లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. ఎనిమిది నెలలు వేలాడదీసి, కొలిచి మడిచిన పని అది. అయినా ఒకచోట కొలత తప్పింది. ఆ సంగతి ఆవిడకు తెలుసు. నాకు మాత్రం, అది చూపించకపోతే ఆయనకు అర్థమయ్యేది కాదనే అనిపిస్తుంది. ఇప్పటికీ ఆయన మీద నా మనసు కరగలేదు.

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, మేడం, మా కార్డు తీసుకుంటే ప్రతి కొనుగోలుకూ పాయింట్లు, మీకు పోయేదేమీ లేదు అంది. నేను నోరు తెరిచేలోపు బాబాయి ఫోన్ అందుకుని, "వద్దమ్మా" అని మెల్లగా చెప్పి పెట్టేశాడు. ఆ పిల్లను కూడా కసురుకోలేడు ఆయన.

ఫ్లాస్కు ఇంకా కోత బల్ల మీదే ఉంది. దాంట్లో కొక్కేలు వేసుకుంటున్నాం. మూత మాత్రం లేదు. మూడో రోజు పొద్దున బాబాయి దాన్ని పట్టుకుని బయటికి వెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.